నకలు తేదీ – అసలు తేదీ

— తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి

ఈ వ్యాసం రాయడానికి కారణం 2025 మార్చి 5వ తేదీన మా ప్రాజెక్టు పరిశీలనలో జరిగిన ఐదు నిమిషాల సంభాషణ. నేను తీసుకెళ్ళిన పెన్‌డ్రైవును మేష్టారు శాఖ కంప్యూటరుకు తగిలించి, ఫోల్డరు తెరిచారు. ఫైళ్ళ పేర్ల పక్కన తేదీల వరుస ఒకటి కనిపిస్తుంది గదా, ఆ వరుస పైనుంచి కిందిదాకా ఒకటే: మార్చి 4, మధ్యాహ్నం 1 గంట 40 నిమిషాలు. నలభై ఏడు ఫైళ్ళకూ అదే తేదీ, అదే నిమిషం.

"ఏమయ్యా, ఇరవై నాలుగు రోజులు కొలిచానన్నావు. ఇవన్నీ నిన్న మధ్యాహ్నం ఒక్క నిమిషంలో పుట్టాయే!" అన్నారు.

వెనకాల నిలబడ్డవాళ్ళు నవ్వారు. నాకు చెమటలు పట్టాయి. "నేను కొలిచినవే సార్" అనడం తప్ప నోట మాట రాలేదు. "కొలిచినవైతే రేపు ఇదే టైముకు వచ్చి ఈ తేదీల సంగతేమిటో చెప్పు, అప్పుడు చూద్దాం" అని నా రికార్డు పక్కన పెట్టేశారు.

ఆయన అనుమానంలో అన్యాయం ఏమీ లేదు. ముందు రోజు రాత్రి కూర్చుని అంకెలు వండేసిన ప్రాజెక్టులు ఆయన ప్రతి ఏడూ చూస్తూనే ఉంటారు. అయితే నేను వండలేదు. ఆ సాయంత్రం నుంచి మర్నాటి దాకా ఆ తేదీల వెంటపడి నేర్చుకున్న నాలుగు ముక్కలు, ఈ సంచిక చదివేవారిలో ఎవరికైనా ఉపయోగపడతాయని రాస్తున్నాను.

ముందు ప్రయోగం సంగతి క్లుప్తంగా చెబుతాను. వరిగడ్డి కప్పిన నేలకూ, కప్పని నేలకూ వేడిలో తేడా ఎంత అన్నది ప్రశ్న. పసుపు బోదెల మీద గడ్డీ ఆకూ కప్పడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నదే; నేల ఎంత చల్లబడుతుందో మాత్రం ఎవరూ కొలిచి చూడలేదు. ప్రయోగశాల కిటికీ వెనక రెండు చిన్న మళ్ళు చేసి, ఒక్కొక్క దానిలో బెత్తెడు లోతున ఉష్ణోగ్రత కొలిచే సెన్సారు పాతి, తీగలు లోపల ఉన్న లినక్స్ కంప్యూటరుకు చేర్చాను. పొద్దున 6.30కి ఒక ఫైలు, సాయంత్రం 6.30కి ఒక ఫైలు దానంతటదే ముగిసేటట్టు చిన్న ప్రోగ్రాము రాశాను. ఫిబ్రవరి 3 నుంచి 26 దాకా 24 రోజులు. మొత్తం 48 ఫైళ్ళు రావాలి. 14వ తేదీ తెల్లవారుజామున కరెంటు పోయి ఒకటి రాలేదు. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఫైలు పేరులో గాని, లోపల గాని తేదీ రాయించలేదు. పేర్లు 1, 2, 3. లోపల సెకన్ల లెక్క, దాని పక్కన ఉష్ణోగ్రత. తేదీ ఎలాగూ కంప్యూటరే వేస్తుంది గదా అనుకున్నాను.

ఇక వెతుకులాట. కంప్యూటరు గడియారం తప్పేమోనని మొదటి అనుమానం. లోపల ఉండే బిళ్ళ బ్యాటరీ అయిపోతే తేదీ ఎక్కడికో వెనక్కు పోవడం చాలామంది చూసే ఉంటారు. రెండు కంప్యూటర్ల గడియారాలూ చూశాను, సరిగానే ఉన్నాయి. "వైరస్ రా" అన్నాడు నా గదిమిత్రుడు. తెలియని దానికల్లా వైరస్ అనడం మన హాస్టల్లో ఆచారం. తర్వాత ప్రయోగశాలకు వెళ్ళి అసలు ఫైళ్ళున్న లినక్స్ కంప్యూటరు తెరిచాను. అక్కడ తేదీలు చక్కగా ఉన్నాయి: ఫిబ్రవరి 3 ఉదయం 6.30, సాయంత్రం 6.30, మర్నాడు ఉదయం 6.30, ఇలా వరుసగా. ప్రాణం లేచొచ్చింది. తేదీలు చెడింది అసలులో కాదు, నకలులో.

నకలులో ఇంకేమైనా చెడిందా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి మంచి పరీక్ష ఉంది. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని 64 అక్షరాల గుర్తును తయారుచేసే పద్ధతి పేరు షా-256. లోపల ఒక్క చుక్క మారినా ఆ గుర్తు మొత్తం మారిపోతుంది. లినక్స్‌లో షా-256-సమ్ అనే ఆజ్ఞతోను, విండోస్‌లో సర్ట్-యుటిల్ అనే దానితోను దీన్ని చూడవచ్చు. అసలుకూ నకలుకూ గుర్తులు తీసి పోల్చాను. నలభై ఏడూ సరిపోయాయి. లోపలి విషయం అక్షరం పొల్లుపోలేదు, తేదీ మాత్రం మారింది. దీన్నిబట్టి తేలేదేమిటి? తేదీ ఫైలు లోపల ఉండేది కాదు.

మరి ఎక్కడ ఉంటుంది? పొలం వేరు, పొలం వివరం రాసే అడంగలు వేరు. అలాగే డిస్కు తన దగ్గరున్న ఫైళ్ళకు ఒక చిట్టా రాసుకుంటుంది. పేరు, పరిమాణం, ఎక్కడ మొదలయిందీ, ఏ తేదీ అన్నవి అందులో ఉంటాయి. ఫైలును వేరే డిస్కుకు కాపీ చేసినప్పుడు లోపలి సరుకు ప్రయాణం చేస్తుంది గాని, ఆ చిట్టా పేజీ ప్రయాణం చేయదు. అవతలి డిస్కు తన చిట్టాలో కొత్త పద్దు రాసుకుంటుంది. ఆ పద్దులో ఏ తేదీ వేయాలన్నది కాపీ చేసే ప్రోగ్రాము ఇష్టం.

సబ్ రిజిస్ట్రారు కచేరీలో పాత దస్తావేజుకు నకలు తీసుకున్నవాళ్ళకు ఇది సులువుగా తెలుస్తుంది. తాతగారి కొనుగోలు దస్తావేజు 1962లో రాసింది. నకలు నిన్న తీశారు. ఆ నకలు కాగితం పుట్టింది నిన్ననే, అందులోని రాత మాత్రం 1962 నాటిది. రెండు తేదీలూ నిజమే. విండోస్‌లో ఫైలు మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ చూస్తే 'క్రియేటెడ్', 'మాడిఫైడ్' అని రెండు కనిపిస్తాయి. మామూలుగా కాపీ చేస్తే విండోస్ 'మాడిఫైడ్' తేదీని పాతదే ఉంచి, 'క్రియేటెడ్' తేదీని మాత్రం కాపీ చేసిన క్షణానికి మారుస్తుంది. అందుకే చాలా ఫైళ్ళు పుట్టకముందే మారినట్టు కనిపిస్తాయి. అది చూసి మోసమనుకోకూడదు. 'క్రియేటెడ్' అన్నది ఆ డిస్కు మీద ఈ కాగితం పుట్టిన తేదీ. రాత తేదీ కావాలంటే 'మాడిఫైడ్' చూడాలి. కాపీ చేయకుండా కట్ చేసి వేరే డిస్కులో పేస్ట్ చేస్తే విండోస్ రెండు తేదీలనూ నిలుపుతుంది.

కాని నా ఫైళ్ళలో 'మాడిఫైడ్' కూడా మారిపోయింది. ఎందుకు? లినక్స్‌లో మౌసుతో లాగి కాపీ చేసినప్పుడు ఈ బాధ రాలేదు. అంతకు ముందు ఒకటి రెండు సార్లు అలాగే చేశాను. మార్చి 4న మాత్రం ఫైళ్ళు ఎక్కువని, పనిలో పనిగా కాస్త గొప్పగా కూడా ఉంటుందని, టెర్మినల్ తెరిచి సి.పి. అన్న ఆజ్ఞ ఇచ్చాను. ఈ సి.పి. ఎలాంటిదంటే, ఏమీ చెప్పకపోతే కొత్త ఫైలుకు ఇప్పటి తేదీయే వేస్తుంది. పాత తేదీ నిలవాలంటే ఆజ్ఞకు హైఫన్ పి అని చేర్చాలి. ఆ ఒక్క అక్షరం లేక నలభై ఏడు ఫైళ్ళూ ఒకే నిమిషంలో పుట్టాయి.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. కాలేదు. ఒక పురుగు తొలుస్తూనే ఉంది: నేను కాపీ చేసింది సాయంత్రం 7 గంటల 10 నిమిషాలకు. మేష్టారికి కనిపించింది మధ్యాహ్నం 1.40. ఆ 1.40కి నేను మెస్సులో పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నాను. సరే చూద్దామని హైఫన్ పి చేర్చి మళ్ళీ కాపీ చేసి, గదిమిత్రుడి విండోస్ లాప్‌టాప్‌లో పెట్టాను. తేదీలు వచ్చాయి, ఫిబ్రవరి 3, 4, 5 అని. టైములు మాత్రం ఉదయం 6.30కి బదులు రాత్రి 1.00, సాయంత్రం 6.30కి బదులు మధ్యాహ్నం 1.00. ఇది తీసుకెళ్ళి చూపిస్తే "అర్ధరాత్రి ఒంటిగంటకు లేచి కొలిచావా?" అని ఇంకో నవ్వు నవ్వుతారు.

6.30 నుంచి 1.00కి, 7.10 నుంచి 1.40కి తేడా ఎంత? అయిదున్నర గంటలు. ఈ అంకె చూడగానే ఎనిమిదో తరగతి భూగోళం గుర్తుకొచ్చింది. మన దేశ కాలమానం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఆధారపడింది. ఆ రేఖ మన ఆంధ్రప్రదేశ్ మీదుగా కూడా పోతుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది గనుక, 82½ని 15తో భాగిస్తే అయిదున్నర. గ్రీనిచ్ కంటే మనం అయిదున్నర గంటలు ముందు. కాబట్టి ఎక్కడో ఒకచోట గ్రీనిచ్ కాలం, మన కాలం కలగాపులగం అయ్యాయి.

ఎక్కడో తెలియాలంటే డిస్కులు కాలాన్ని రాసుకునే తీరు చూడాలి. అన్ని డిస్కులూ ఒకే లిపిలో రాసుకోవు. విండోస్ హార్డ్ డిస్కుల్లో వాడే ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతి 1601 జనవరి 1 నుంచి ఎంత కాలం గడిచిందో గ్రీనిచ్ లెక్కలో, సెకనులో కోటో వంతు ప్రమాణంగా రాసుకుంటుంది. లినక్స్ 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను లెక్కపెడుతుంది. అది కూడా గ్రీనిచ్ కాలమే. మనకు చూపించేటప్పుడు మాత్రం అయిదున్నర గంటలు కలిపి చూపిస్తాయి.

పెన్‌డ్రైవులలో, చిన్న మెమరీ కార్డులలో ఎక్కువగా ఉండేది ఫ్యాట్ పద్ధతి. ఇది 1980ల నాటి డాస్ కాలంది. అప్పుడు బల్ల మీద ఒక కంప్యూటరు, దాని ముందు ఒక మనిషి. గోడ గడియారం ఎంత చూపిస్తే అంత రాసుకుంటే సరిపోయేది. అందుకని ఫ్యాట్ స్థానిక కాలాన్నే రాస్తుంది, అది ఏ ఊరి కాలమో రాయదు. స్థలం కూడా పొదుపుగా వాడింది. తేదీకి 16 బిట్లు: సంవత్సరానికి 7, నెలకు 4, రోజుకు 5. ఏడు బిట్లలో 128 సంవత్సరాలు పడతాయి కాబట్టి 1980తో మొదలై 2107తో దాని పంచాంగం అయిపోతుంది. టైముకు ఇంకో 16 బిట్లు: గంటకు 5, నిమిషానికి 6. మిగిలింది 5. అయిదు బిట్లలో 32 అంకెలే పడతాయి, సెకన్లేమో 60. ఏం చేశారు? సెకన్లను సగం చేసి రాశారు! ఫ్యాట్ డిస్కు మీద మాడిఫైడ్ టైములో బేసి సెకను ఉండదు. 6 గంటల 30 నిమిషాల 7 సెకన్లకు ముగిసిన నా ఫైలు పెన్‌డ్రైవులో 6 సెకన్లకు ముగిసినట్టు ఉంది. సామాన్యుడికి ఇది లెక్కలోది కాదు గాని, తేదీలు పోల్చి బ్యాకప్ తీసే ప్రోగ్రాములు ఈ ఒక్క సెకను తేడా చూసి, మారని ఫైళ్ళను కూడా మారాయనుకుని మళ్ళీ మళ్ళీ కాపీ చేస్తుంటాయి. రోబోకాపీలోను, ఆర్-సింక్‌లోను ఈ తేడాను మన్నించమని చెప్పే ఏర్పాటు అందుకే పెట్టారు.

నా చిక్కు ఇప్పుడు విడిపోతుంది. ప్రయోగశాలలోని లినక్స్, పెన్‌డ్రైవు మీది ఫ్యాట్ చిట్టాలో గ్రీనిచ్ కాలం రాసింది. విండోస్ అదే చిట్టా చదివి, అది స్థానిక కాలమే అనుకుని ఉన్నదున్నట్టు చూపించింది. రాసినవాడు ఒక లెక్క, చదివినవాడు ఒక లెక్క. ఎవరి లెక్కలో వాళ్ళు సరైనవాళ్ళే. ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్ రెండూ వేసుకున్నవాళ్ళకు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారగానే గడియారమే అయిదున్నర గంటలు జరిగిపోవడం అనుభవమే. అక్కడా ఇదే తగాదా: లోపలి గడియారాన్ని విండోస్ స్థానిక కాలమనుకుంటుంది, లినక్స్ గ్రీనిచ్ అనుకుంటుంది.

దీనికి మందులు రెండు మూడు ఉన్నాయి. పెన్‌డ్రైవును ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ఫార్మాట్ చేసుకోవచ్చు. అందులో ఉన్నదంతా చెరిగిపోతుందని మరవకండి. కొత్త పెద్ద కార్డుల్లో ఉండే ఎక్స్‌ఫ్యాట్‌లో టైముతో పాటు గ్రీనిచ్‌కు ఎంత తేడానో 15 నిమిషాల లెక్కన రాసే చోటుంది. మన అయిదున్నర గంటలు, నేపాలు వారి అయిదుముప్పావు గంటలు కూడా అందులో సరిగ్గా పడతాయి. నేను పట్టుకున్న దారి మూడోది. ఫైళ్ళన్నిటినీ టార్ అనే ఆజ్ఞతో ఒకే మూటగా కట్టేశాను. మూట కట్టేటప్పుడు టార్ ఒక్కొక్క ఫైలు తేదీని గ్రీనిచ్ సెకన్లలో మూట లోపలే రాస్తుంది. ఇక పెన్‌డ్రైవు చిట్టా ఏం రాసుకున్నా మనకు బాధ లేదు. 2018 నుంచి విండోస్ 10లో కూడా టార్ వస్తోంది గనుక అవతల విప్పడానికి ఇబ్బంది లేదు. జిప్ మూట కూడా తేదీని లోపల ఉంచుతుంది గాని, మామూలు జిప్ ఫ్యాట్ లాగే స్థానిక కాలాన్ని, రెండేసి సెకన్ల లెక్కన రాస్తుంది. ఒకే దేశంలో తిరిగేదానికి జిప్ చాలు. విండోస్ నుంచి విండోస్‌కే పెద్ద ఫోల్డర్లు పంపేవాళ్ళు రోబోకాపీ వాడితే ఫైళ్ళ తేదీలు వాటంతటవే నిలుస్తాయి. ఫోల్డర్ల తేదీలు కూడా నిలవాలంటే డీకాపీ అన్న మాటకు డి, ఏ, టి అక్షరాలు మూడూ కలిపి ఇవ్వాలి.

దేశం దాటే సంగతి వచ్చింది గనుక మన పూర్వ విద్యార్థులకు ఒక మాట. డల్లాస్‌లో జూలైలో ఉదయం 10 గంటలకు రాసిన ఫైలును ఫ్యాట్ పెన్‌డ్రైవులో హైదరాబాదు తెచ్చి విండోస్‌లో చూస్తే ఉదయం 10 అనే ఉంటుంది. ఎన్.టి.ఎఫ్.ఎస్. డిస్కులో తెస్తే రాత్రి 8.30 అని ఉంటుంది. రెండో దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు, నిజానికి ఆ క్షణంలో మనకు రాత్రి ఎనిమిదిన్నరే. అమెరికాలో ఏటా రెండుసార్లు గడియారాలు ఒక గంట జరుపుతారు కాబట్టి అక్కడివారికి ఫ్యాట్ డిస్కుతో గంట తేడా కూడా తోడవుతుంది. మనకు ఆ పీడ లేదు.

ఫోటోల విషయం కొంచెం వేరు. కెమెరా గాని, ఫోను గాని ఫోటో తీసిన తేదీని చిట్టాలో వేయడంతో ఊరుకోక, ఎగ్జిఫ్ అనే పేరుతో ఫైలు లోపల కూడా రాస్తుంది. ఎన్ని డిస్కులు మారినా అది మారదు. మునిగిన చేను ఫోటోలు అధికారులకు చూపించాల్సిన రైతు, నెట్ సెంటరులో కాపీ చేయించినప్పుడు పడిన తేదీ చూసి హడలిపోనక్కరలేదు. ప్రాపర్టీస్‌లో వివరాల పేజీ తెరిస్తే 'డేట్ టేకెన్' అని అసలు తేదీ ఉంటుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే మాత్రం ఆ లోపలి తేదీ పోతుంది. డాక్యుమెంటుగా పంపడం మేలు, అసలు ఫోటో ఫోనులోంచి తుడిచెయ్యకపోవడం ఇంకా మేలు.

మర్నాడు టైముకు వెళ్ళాను. మూట విప్పి శాఖ కంప్యూటరు డిస్కులో పెట్టాను. ఫిబ్రవరి 3, ఉదయం 6.30. ఫిబ్రవరి 3, సాయంత్రం 6.30. నలభై ఏడూ వరుసగా వచ్చాయి. సి.పి. సంగతి, అయిదున్నర గంటల సంగతి పైన రాసినట్టే చెప్పాను. మేష్టారు ఓపిగ్గా విన్నారు. విని, "బాగానే ఉంది. ఈ తేదీలను మనం కావాలని మార్చడం కుదురుతుందా?" అని అడిగారు.

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. ఒక్క క్షణం కుదరదని చెప్పేద్దామా అనిపించిన మాట నిజం. "కుదురుతుంది సార్" అన్నాను. లినక్స్‌లో టచ్ అనే ఆజ్ఞ ఉంది. ఏ ఫైలుకు ఏ తేదీ కావాలంటే ఆ తేదీ వేస్తుంది. విండోస్‌లో పవర్‌షెల్‌తో అదే పని చేయవచ్చు. ఆయన అడగగానే అక్కడే ఒక ఖాళీ ఫైలుకు 1999 జనవరి 1 తేదీ వేసి చూపించాను.

"అయితే నిన్నటి తేదీలు నువ్వు దొంగవని రుజువు చేయలేదు, ఇవాళ్టి తేదీలు నువ్వు దొరవనీ రుజువు చేయవు" అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు. కోర్టుల్లో కూడా ఇదే చిక్కు గాబోలు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ రికార్డు దాఖలు చేసేవారు ఇచ్చే ధ్రువపత్రంలో షా-256 లాంటి గుర్తును కూడా రాయాలి. ఫైలు పక్కన కనిపించే తేదీని మాత్రమే నమ్ముకుంటే పని జరగదు.

ఆయన నా నోటు పుస్తకం అడిగారు. రోజూ పొద్దున్నే మళ్ళ దగ్గరికి వెళ్ళి చూసినప్పుడు ఆకాశం, మంచు, గడ్డి తడి గురించి రెండేసి మాటలు పెన్నుతో రాసుకున్న పుస్తకం అది. రికార్డులో పెట్టడానికి పనికిరాదని తీసుకెళ్ళలేదు. హాస్టలుకు పరుగెత్తి తెచ్చాను. 14వ తేదీ దగ్గర "కరెంటు లేదు. ఫైలు రాలేదు" అని ఉంది. అటెండరును పిలిచి అడిగితే, ఆ తెల్లవారుజామున ట్రాన్స్‌ఫార్మరు పోయి తొమ్మిదింటి దాకా కరెంటు రాలేదని, నీళ్ళ ట్యాంకు నిండక తాను పడిన పాట్లన్నీ చెప్పాడు. "వండినవాడైతే నలభై ఎనిమిదీ వండేవాడు" అని మేష్టారు రికార్డు మీద సంతకం చేశారు. ఫైళ్ళలో తేదీ రాయించనందుకు రెండు మార్కులు తగ్గించారు. అది న్యాయమే.

ఇప్పుడు నా ప్రోగ్రాము ప్రతి వరుస మొదట్లో తేదీ, టైము, దాని పక్కన +5.30 అని కూడా రాస్తుంది. ఫైలు పేరు 2025-02-03-0630 అన్నట్టు ఉంటుంది. సంవత్సరం ముందు పెట్టడం వల్ల పేర్ల వరుసే తేదీల వరుస అవుతుంది. ఈ ఏడాది ప్రాజెక్టు చేస్తున్న జూనియర్లు ఎవరికైనా ఆ ప్రోగ్రాము కావాలంటే అడగండి, ఇస్తాను. పెన్‌డ్రైవు మాత్రం మీదే తెచ్చుకోండి.